పారువేట విల్లు

వెంకటేశ్వరమ్మకు మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఇవాళ్టిది కాదు. బీడీ తాగడు, పేకాడడు, ఆఫీసు వదిలితే నేరుగా ఇంటికొస్తాడు. ఇన్ని సుగుణాలున్న మనిషిని ఏ వంకన తిట్టాలో తెలియక పందొమ్మిదేళ్ళుగా ఆమె ఇబ్బంది పడుతోంది. ఆ ఇబ్బంది ఈ దసరాకు ముందు తీరింది. ఒక ఆదివారం పొద్దున శేషన్న బట్టలారేసే దండెం వెదురును ఊడబెరికి, కొడవలితో నిలువునా చీల్చి, పెరట్లో గొంతుక్కూర్చుని చెక్కడం మొదలుపెట్టాడు. తడి చీరలు చేతి మీద వేసుకొని ఆమె వచ్చి చూసేసరికి దండెం ఉండాల్సిన చోట ఆకాశం కనబడుతోంది.

ఏం చేస్తాండావని అడిగింది. విల్లు, అన్నాడు తలెత్తకుండా.

నలభై మూడేళ్ళ గుమాస్తా, పొట్ట మీద పంచె నిలవక పూటకు నాలుగుసార్లు ముడి సవరించుకొనే మనిషి, విల్లు అన్నాక ఇంకేం అడుగుతుంది? చీరలు పిట్టగోడ మీద పరిచి లోపలికి పోయింది.

సంగతి ఆమెకు తెలియకపోలేదు. నాలుగు రోజుల కిందట శేషన్న సొంతూరు గుండ్లమిట్ట నుంచి కార్డు వచ్చింది. బావ సోమన్న, శేషన్నకు అన్న, ఎవరిచేతనో రాయించాడు. వింటికి తాడు మార్పించుకొద్దామని నంద్యాలకు పోతుంటే బండి బోల్తా పడి, ఆయన కుడి మణికట్టునూ, బండిలో ఉన్న వింటినీ ఒకే దెబ్బకు విరిచిందట. దసరా నాడు గుండ్లమిట్ట చెన్నకేశవస్వామి పారువేటకు, అంటే వేట ఉత్సవానికి, ఊరి బయటి బీడులోకి వస్తాడు. అక్కడ నాటిన అరటిబోదెను తొలి బాణంతో కొట్టే హక్కు వాళ్ళింటిది. వాళ్ళు కొట్టాకే ఊళ్ళో మిగతావాళ్ళు కొట్టాలి. ఏ ఏడైనా ఇంటి మగవాళ్ళలో ఒకరూ విల్లు ఎత్తకపోతే ఆ హక్కు ఎదురింటికి పోతుంది, పోయింది మళ్ళీ రాదు. సోమన్నకు ముగ్గురూ ఆడపిల్లలు. కార్డు చివర, ‘నువ్వు రావాల, తప్పదు’ అని ఉంది.

నంద్యాలలో మంచి విల్లు ముప్పై రూపాయలు. కర్నూలు రాజధాని అయిన పుణ్యాన వాళ్ళ బాడుగ రెట్టింపయింది, పెరడు సగమయింది. ఆ రెండో సగంలో మద్రాసు నుంచి ఆఫీసుతోపాటు వచ్చిన జ్ఞానరాజు అనే గుమాస్తా కాపురముంటున్నాడు. కాబట్టి విల్లు దండెం నుంచి వచ్చింది. తాడు జనపనారతో పేనింది. బాణాలకు ములుకులు గొడుగు ఊచలు. వానాకాలం ఇంకా ఉంది గానీ గొడుగు అయిపోయింది. ఈకలు జ్ఞానరాజు గారి కోళ్ళు రాల్చినవి. వేళ్ళకు చుట్టుకొనే తోలుముక్క ఆమె పాత చెప్పుది. గురికి ఒక గోనెసంచిలో ఊక కూరి గోడకు ఆనించాడు.

సాయంత్రం ఆమె పనులన్నీ మానుకొని గడప మీద కూర్చుంది. ఇలాంటిది టిక్కెట్టు పెట్టి కూడా దొరకదు. మొదటి బాణం అతని బొటనవేలికి జానెడు దూరంలో పడింది. రెండోది సంచి మీదుగా పోయి జ్ఞానరాజు గారి ఆరేసిన పంచెలో దూరింది. ఆయన ఊరికి కొత్త. ఇది ఇక్కడి ఆచారమేమో అనుకొన్నాడు కాబోలు, బాణాన్ని రెండు చేతులా పట్టుకొచ్చి మర్యాదగా అప్పగించిపోయాడు. అయిదోసారి లాగినప్పుడు విల్లు కణుపు దగ్గర టప్పున విరిగింది.

వెంకటేశ్వరమ్మ నవ్వింది. నవ్వి, పెళ్ళయిన ఏడాది అతను కొట్టిన పారువేట బాణం గురించి ఏడాదికి కనీసం రెండుసార్లు అనే మాట మళ్ళీ అంది.

"ఆ పొద్దు కూడా ఇంతే గదా. బోదె దాకా పోవాల్సిన బాణం సగం దావలోనే పండుకొనె."

ఎప్పుడూ అతను కూడా కొంచెం నవ్వేవాడు. ఈసారి నవ్వలేదు. విరిగిన ముక్కలు ఏరి, పొయ్యికి పనికొస్తాయని ఆమె పక్కన పెట్టాడు. రేపు సెలవు చీటీ ఇచ్చి ఎల్లుండి ఊరికి పోదామన్నాడు.

నంద్యాల మీదుగా కోయిలకుంట్లకు బస్సు, అక్కడి నుంచి ఎద్దులబండి. నల్లరేగడి తడిసి చక్రాలకు ముద్దలు ముద్దలుగా అంటుకొంటోంది. దావకు రెండువైపులా జొన్న నడుమెత్తు లేచింది. ఈ దావలోనే ఆమె కొత్త కోడలిగా వచ్చింది. అప్పుడు బండికి వెదురుబద్దల గూడు కట్టి దుప్పటి కప్పారు. ఆ దుప్పటి సందులోంచి ఆమెకు కనబడిందల్లా బండి వెనక నడుస్తున్న పెళ్ళికొడుకు కాళ్ళు, భుజం నుంచి వేలాడే వింటి కొస. అప్పటికి అతని ముఖం సరిగా చూడనేలేదు. వింటిని మాత్రం చూసింది. ఆ సంగతి ఇప్పుడు చెబుదామని తిరిగితే శేషన్న బండి కమ్మీకి ఆనుకొని, మూడు వేళ్ళు మడిచి, లేని తాడును మెల్లగా చెవి దాకా లాగి వదులుతున్నాడు. ఆమె చెప్పలేదు.

సోమన్న చేయి మెడకు కట్టుకొని అరుగు మీద కూర్చున్నాడు. నంద్యాలలో వింటికి పదిహేను దినాల ముందు చెప్పాలట, పండగ నాలుగు దినాల్లో ఉంది. నాకు నేనే చేసుకుంటానన్నాడు శేషన్న. సోమన్న తమ్ముడి పొట్ట వైపు ఒకసారి చూశాడు. తర్వాత అన్నాడు:

"యాడన్నా చేసుకో. విల్లు చేసిచ్చిన ఆ కంబని గుడిసె తిక్కు మాత్రం పోవద్దు. నాయన పోయినా ఆయన మాట పోలే."

మరునాడు తెల్లవారుతూనే శేషన్న చెంబు తీసుకొని బయల్దేరాడు. చెంబుతో పోయేవాళ్ళు వంక వైపు పోతారు. అతను గుట్ట వైపు పోతున్నాడు. వెంకటేశ్వరమ్మ తోడికోడలితో జొన్న చూసొస్తానని చెప్పి, కొంగు బిగించి, వెనకే నడిచింది. జొన్న చూడాలని ఆమెకు ఆ ముందెప్పుడూ బుద్ధి పుట్టలేదు.

గుట్ట కింద రెండు గుడిసెలు కనబడేసరికి ఆమె అతన్ని అందుకొంది. ముందరి పందిట్లో ముసలి కంబన్న వెదురు చీలుస్తున్నాడు. కాలి బొటనవేలితో బద్ద ఒక కొస అదిమిపట్టి, కత్తిని కదలనీయకుండా బద్దనే వెనక్కి లాగుతున్నాడు. పలచని పేళ్ళు పక్కన చుట్టలుగా పడుతున్నాయి. ఆయన భార్య జీవమ్మ అల్లిన గంపలకు పేడ మెత్తుతోంది. వచ్చినవాళ్ళను ఇద్దరూ చూశారు. కూర్చోమని ఎవరూ అనలేదు.

శేషన్న పేరు చెప్పుకొన్నాడు. కంబన్న చేతిలోని బద్ద పూర్తయ్యేదాకా లాగి, కత్తి పక్కన పెట్టి అడిగాడు.

"గంపలు కావాల్నా?"

"విల్లు కావాల కంబన్నా."

"నా విల్లు కొట్టదు గదప్పా. మీ నాయన బీడులో నిలబడి చెప్పె. నాలుగూర్లోళ్ళు ఇనిరి. ఆ పొద్దు నుంచి నా గడప తొక్కి విల్లు అడిగినోడు లేడు. మా తాత కాడి నుంచి పారువేట విల్లు అందిచ్చే చెయ్యి మాది. ఇప్పుడు నంద్యాల అంగట్లోది అందిస్తాండారంట."

కోపంగా అనలేదు. వానలు పడ్డాయా అన్నట్టు అన్నాడు. శేషన్న చెంబును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకొన్నాడు. మొగుడు ఏదో ఒకటి అంటాడని వెంకటేశ్వరమ్మ చూసింది. అతను చెంబునే చూస్తున్నాడు.

కంబన్న లేచి వచ్చి శేషన్న కుడిచేయి పట్టుకొన్నాడు. వేళ్ళ లోపలివైపు బొటనవేలితో నొక్కి చూశాడు, కాయ పండిందో లేదో చూసినట్టు. మెత్తబడినాయి, రాసే చెయ్యి అన్నాడు. అని గుడిసెలోకి పోయి, పొయ్యి మీది అటక నుంచి ఒక వింటి బద్దను లాగి తెచ్చాడు. పొగకు నల్లబడి, చింతగింజలా మెరుస్తోంది. ఎవరికోసం చేసిందని శేషన్న అడిగితే, ఎవరికోసమూ కాదట. ఏడాదికొకటి చేస్తూనే ఉన్నాడట, చెయ్యి ఊరుకోక. కొన్నిటిని జీవమ్మ పొయ్యిలో పెట్టింది.

"ఇది పెట్టబోతే దాచుకొనె," అంది జీవమ్మ, గంప మీంచి కన్నెత్తకుండా.

కంబన్న ఆముదం చేతికి రాసుకొని వింటి పొడవునా నిమిరాడు. వెదురు పైచర్మం అవతలికి తిప్పి, మోకాటికి ఆనించి కొంచెం వంచాడు, వదిలాడు, ఇంకొంచెం వంచాడు. ఎక్కడ బిగువుగా ఉందో అక్కడ కత్తి అంచుతో గీకాడు. గీకినప్పుడు రాలిన పొడి పసుపు కంటే సన్నగా ఉంది. పొద్దు పందిరి మీదికి వచ్చేదాకా అదే పని. చివరికి తాడు ఎక్కించి వేలితో మీటాడు. ఆ మోత విని శేషన్న చెంబు కింద పెట్టేశాడు.

ఇచ్చేముందు కంబన్న చెప్పాడు.

"కొట్టేటప్పుడే తాడు ఎక్కించల్ల. అయిపోతానే దించల్ల. రాత్రంతా ఎక్కించి పెడితే వంగిపోయి సత్తువ సచ్చిపోతాది. నీళ్ళు సూపించొద్దు, తాడు తడిస్తే సాగుతాది. ఆ పొద్దు కూడా ఇదే చెప్పి ఇస్తి."

చెప్పింది శేషన్నకు. విన్నది వెంకటేశ్వరమ్మ.

ఆ పొద్దుకు ఆమె కాపురానికి వచ్చి ఏడు నెలలు. ఆయుధపూజ నాడు అత్త పళ్ళెం ఆమె చేతికిచ్చి, కొత్త కోడలివి నువ్వు చెయ్యి అంది. వేంపల్లెలో, ఆమె పుట్టింట్లో, ఆ రోజు ప్రతి పనిముట్టుకూ తలంటుపోసినంత పని చేసేవాళ్ళు. నాగలి, కొడవలి, రోకలి, ఏదీ వదలరు. ఆమె కూడా వదల్లేదు. వింటికి రెండు చెంబుల పసుపునీళ్ళు పోసింది. దించిన తాడు ఒక కొసన వేలాడుతుంటే దాన్నీ తడిపింది. దేవుడి ముందు పెట్టి చూస్తే అది ఎద్దులు తోలే కట్టెలా ఉంది. తలుపు చాటు నుంచి మొగుణ్ణి పిలిచి, తాడు ఎక్కించి నిలబెట్టమంది. అతన్ని ఆమె మొట్టమొదట అడిగింది అదే. అతను ఒక్క క్షణం వింటిని చూశాడు, ఆమెను చూశాడు, ఎక్కించాడు. తెల్లారేదాకా అది పూలదండతో అక్కడే ఉంది. ఎంత బాగుందో అని ఆమె రెండుసార్లు లేచి చూసింది కూడా.

కంబన్న దుడ్లు అడగలేదు. ఒక్కటే అడిగాడు: నాది అని చెప్పొద్దు, చెబితే మీ అన్న ముట్టనీడు, నేనే చేసుకున్న్యానని చెప్పు.

మూడు పొద్దులు గుట్ట కింద బీట్లో సాధన సాగింది. జొన్నచొప్ప మోపు ఒకటి నిలబెట్టారు. కంబన్న దూరంగా కూర్చొని గంప అల్లుతూ, తలెత్తకుండానే, తాడు మోతను బట్టి తప్పు చెప్పేవాడు. మోచెయ్యి దించినావు. ఊపిరి పట్టొద్దు, వదిలి కొట్టు. మొదటి పొద్దు శేషన్న వేళ్ళు పొక్కులెక్కాయి. రెండో పొద్దు చొక్కా విప్పేశాడు. ఎడమ పాదం దానంతటదే అడ్డంగా తిరిగి నేలలో నాటుకొంది; కుడిచేయి దవడ దాకా వచ్చి, అక్కడొక చోటు వెతుక్కొని ఆగింది. పొట్ట ఉంది, నెరిసిన వెంట్రుకలున్నాయి, అయినా బండి వెనక నడిచిన కాళ్ళు అవే. వెంకటేశ్వరమ్మ బాణాలు ఏరి తెచ్చి ఇస్తూ, అతన్ని చూసినప్పుడల్లా ముఖం పక్కకు తిప్పుకొంది. ఎగతాళి చేద్దామంటే నోటికి ఏమీ దొరకడం లేదు.

మూడో పొద్దు, చొప్పలో లోతుగా దిగిన బాణాన్ని ఇద్దరూ కలిసి పీకుతున్నప్పుడు అడిగింది.

"నీళ్ళు పోసింది నేనని నీకు తెలుసు గదా?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వొచ్చి ఏడు నెల్లు. మా నాయన నోరు నీకు తెల్దు. రెండు దినాలు పోనిచ్చి, ఆయన సల్లబడినాంక చెప్దామనుకొంటి. అంతలోకే ఆయన మాట ఊరంతా పాకె. మళ్ళ కర్నూలు పోతిమి."

బాణం ఊడివచ్చింది. ఆమె దాని ములుకు కొంగుతో తుడిచింది. తనను కాపాడినందుకు సంతోషం కలగాలి కాబోలు, కలగలేదు. ఏడాదికి రెండుసార్ల చొప్పున పందొమ్మిదేళ్ళు అన్న మాట గుర్తొచ్చి, తుడిచిన ములుకునే మళ్ళీ తుడిచింది. అవతల కంబన్న బద్దను కాలితో అదిమిపట్టి లాగుతున్నాడు. ఆ బొటనవేలి గోరు నిలువునా చీలి, చీలినట్టే గట్టిపడిపోయింది.

"నన్ను కాపాడితివి," అంది. "ఆయప్పను?"

ఆ మాట తనను తాను అడుక్కోని రోజు లేదన్నట్టు శేషన్న చొప్ప మోపు వైపు చూశాడు.

ఆ సాయంత్రం ఆయుధపూజ. తోడికోడలు చెంబుతో పసుపునీళ్ళు తెచ్చింది. వెంకటేశ్వరమ్మ కొడవళ్ళకూ నాగలికర్రుకూ పోయనిచ్చి, వింటి దగ్గర చెంబు అందుకొని పక్కన పెట్టింది. తాడు దించిన వింటికి పొడి కుంకుమ ఒక్క బొట్టు పెట్టింది. కట్టె మాదిరి ఉండాదే, తాడన్నా ఎక్కించమను అంది తోడికోడలు. వద్దక్కా, ఇట్లనే బాగుందంది. సోమన్న వచ్చి, మంచి చేత్తో విల్లు ఎత్తి చూసి, తమ్ముడు కర్నూల్లో కాగితాలు రాయడమొకటే నేర్చుకోలేదని మురిసిపోయాడు. శేషన్న నేల చూపులు చూశాడు.

పారువేట నాడు ఎండ చురుక్కుమంది. స్వామి పల్లకి బీడులో దించారు. అరవై అడుగుల అవతల అరటిబోదె, దాని నడుమ కుంకుమబొట్టు. మగవాళ్ళు రెండు వరుసలుగా, ఆడవాళ్ళు వెనక తుమ్మచెట్ల నీడన. కంబన్న, జీవమ్మ అందరికంటే వెనక నిలబడ్డారు. విల్లు అందించేవాడి చోట సోమన్న నిలబడి ఎడమచేత్తో అందించాడు. ఎదురింటి వాళ్ళు చేతులు కట్టుకొని చూస్తున్నారు. ఈ బాణమూ ఆ పొద్దుటిలా పడిపోతే వాళ్ళు తొలి బాణం హక్కు అడుగుతారని అందరికీ తెలుసు.

శేషన్న మోకాలు ఆనించి తాడు ఎక్కించాడు. పంచె ముడి ఒకసారి సవరించుకొన్నాడు. ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. పాదం తిరిగింది, చేయి దవడ దగ్గరికి వచ్చింది, ఊపిరి వదిలాడు. తాడు మోగింది. బాణం బొట్టుకు బెత్తెడు కిందగా, బోదెలో సగం దాకా దిగి ఆగింది.

తప్పెట్లు లేచాయి. పూజారి తలపాగా చుట్టబోతే శేషన్న తల వంచాడు. సోమన్న ముఖం వెలిగిపోతోంది. తప్పెట్లు ఆగేదాకా చూసి, ఊరందరికీ వినబడేలా అన్నాడు.

"సూడండప్పా. నా తమ్ముడు సొంతంగా చేసుకున్న విల్లు. ఆ పొద్దు కూడా చేతిలో ఇట్లాంటిది ఉండింటే మా నాయనకు తల వంపులు వచ్చేదా? ఆ కంబడు పుచ్చు కట్టె అంటగట్టె గానీ."

అవునవునన్నారు పెద్దవాళ్ళు. వెనక కంబన్న పైగుడ్డ భుజాన వేసుకొని పోదాం పదమని జీవమ్మకు సైగ చేశాడు. శేషన్న తలపాగా చేత్తో పట్టుకొని, అన్నా, అని మొదలుపెట్టాడు. అంతలో అతని చూపు తుమ్మచెట్ల కిందికి, వెంకటేశ్వరమ్మ మీదికి వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. నోరు మూసుకొన్నాడు.

ఆ చూపు ఆమెకు తెలుసు. తాడు ఎక్కించేముందు ఒక క్షణం వింటినీ తననూ చూసిన చూపు అది.

బావ ఎదుట ఆమె ఎన్నడూ గొంతెత్తి ఎరగదు. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటునుండి తోడికోడలితో చెప్పించేది. కొంగు భుజం మీదుగా తెచ్చుకొని ఆడవాళ్ళ మధ్యనుంచి నడిచింది. మగవాళ్ళ వరుస దానంతటదే చీలింది. మొగుడి చేతిలోంచి విల్లు తీసుకొని తాడు దించింది. మూడు పొద్దులు చూసి నేర్చుకొన్న పనే, అయినా రెండుసార్లు జారింది. ఎవరూ సాయం రాలేదు, ఎవరూ నవ్వలేదు. వింటిని రెండు చేతుల మీద పెట్టుకొని బీడు ఈ కొస నుంచి ఆ కొసకు, గుట్ట దావ పట్టిన ముసలాయన ఎదుటికి పోయి నిలబడింది. వెనక ఊరంతా తనవైపు తిరిగిన సంగతి చూడకుండానే తెలిసింది. అందుకే కంబన్నకు వినబడాల్సినంత కంటే గట్టిగా చెప్పింది.

"బావా, నువ్వూ ఇను. ఈ విల్లు కంబన్న చేసిందే. ఆ పొద్దుదీ మంచిదే. పూజ అని దానికి నీళ్ళు పోసింది నేను. రాత్రంతా తాడు ఎక్కించి పెట్టమన్నిందీ నేనే. కంబన్నా, తప్పు నీది కాదు. నాది."